తూర్పు గీత ఉన్న కుండీ

మయూర్ విహార్, ఢిల్లీ
9 జూలై 2025

పూర్ణకు, అక్క ఆశీస్సులు.

మీరిద్దరూ కాకినాడ క్షేమంగా చేరారని పక్క ఫ్లాటు మిసెస్ ఛడ్డా చెప్పింది. నేను ఫోను ఎత్తడం లేదని ఆమెకు చేశావట. నాకేదో అయిందని గాభరా పడ్డావట.

ఏమీ కాలేదు. తొలి ఏకాదశి నాడు చాతుర్మాస్యం పట్టాను. ఈ నాలుగు నెలలూ ఏదో ఒకటి మానాలి గదా. ఏటా కూరలు, పెరుగు, పాలు, పప్పు నెలకొకటి చొప్పున మానేదాన్ని. ఈసారి ఫోను మానాను. చెయ్యను, ఎత్తను, అందులో వచ్చినవి చూడను. పట్టుచీర ముక్కలో చుట్టి బీరువాలో పెట్టాను. చుట్టాక కూడా లోపల మోగుతూనే ఉంది. పధ్నాలుగు సార్లు విన్నాను. పదిహేనోసారి ఆపేశాను. ఇక చెయ్యకు. కార్తీక ఏకాదశి దాకా ఊరు కూడా దాటను.

చెప్పాల్సినవి ఉంటే ఉత్తరం రాయి. జవాబు రాస్తాను.

నీ బ్రహ్మకమలం బాల్కనీలో ఉంది. లారీవాళ్ళు ఎక్కించుకోం అన్నప్పుడు నువ్వు పడ్డంత బాధ అది పడలేదు. ఆకులు పచ్చగా ఉన్నాయి. మొగ్గలు లేవు. వారానికి ఒకసారి నీళ్ళు పోస్తున్నాను.

సీతారామయ్య గారికి నమస్కారాలు. రిటైరయ్యారు కాబట్టి ఇంట్లో పని చెప్పు.

జానకి


కాకినాడ
17 జూలై 2025

అక్కా,

నమస్కారం పెట్టాననుకో, పెట్టే ఓపిక లేదు.

నీ ఉత్తరం తెచ్చిన పోస్టుమాను కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "చేత్తో రాశారేంటండీ, ఎవరైనా పోయారా?" అన్నాడు. గుమ్మంలోనే కవరు చింపాను. తీరా చూస్తే ఫోను మానేశానని. జనం వంకాయ మానేస్తారు. ఉల్లిపాయ మానేస్తారు. కాఫీ మానేసినవాళ్ళని చూశాను, వాళ్ళింట్లోవాళ్ళ అవస్థ కూడా చూశాను. ఫోను మానేసినవాళ్ళని మాత్రం నిన్నే చూస్తున్నాను. ఏ పురాణంలో ఉందో చెబితే నేనూ చదువుకుంటాను.

ఆర్.కె. పురం క్వార్టర్లో ఇరవై ఆరేళ్ళున్నాను. రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి నీకు ఫోను. నేను గంట మాట్లాడితే నువ్వు నాలుగుసార్లు "ఊఁ" అనేదానివి. ఆ "ఊఁ" కోసమే చేసేదాన్ని. ఇప్పుడు అదీ లేదు. ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళ మీద రెండు ముక్కల నోట్లు రాసి రాసి నీకు మాటలు కూడా అలాగే వస్తున్నాయి.

రాయకూడదనుకుంటూనే రాస్తున్నాను. స్టేషన్లో నువ్వు నాతో అన్న ఆఖరి మాట గుర్తుందా? "బండి కదులుతోంది, ఎక్కు." అంతే. పెళ్ళయిన దగ్గర్నించీ ఒకే ఊళ్ళో ఉన్న చెల్లెలు వెళ్ళిపోతుంటే అనే మాట అదేనా? నేను విజయవాడ దాకా ఏడ్చాను. ఎదురు బెర్తు ఆవిడ మజ్జిగ ఇచ్చింది. ఆవిడకున్న పాటి జాలి నీకు లేకపోయింది. వారం తిరక్కుండా ఫోను కూడా మానేశావు.

సరే, మొక్క సంగతి. అక్కా, ఇది శ్రద్ధగా చదువు. కుండీ అంచున గోళ్ళరంగుతో ఎర్రగీత పెట్టాను. ఆ గీత ఎప్పుడూ తూర్పుకే ఉండాలి. కుండీని తిప్పకు, జరపకు. మొగ్గ వచ్చాక తిప్పితే మొగ్గ రాలుతుంది. అరటితొక్కలు నానబెట్టిన నీళ్ళు పదిహేను రోజులకోసారి. గుడ్డు పెంకుల పొడి నెలకోసారి. మామూలు నీళ్ళు రెండు రోజులకోసారి పొయ్యి, వారానికోసారి కాదు. వారానికోసారి అంటే అది ఉపవాసం, ఆ మొక్క ఏ వ్రతమూ పట్టలేదు.

పదకొండేళ్ళుగా అది పూసిన ప్రతి రాత్రీ నువ్వు చేతిసంచీలో ఒక చీర పెట్టుకుని మెట్రో ఎక్కి మా క్వార్టరుకి వచ్చేదానివి. పువ్వు పూర్తిగా విచ్చుకునేదాకా మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఒక్క ఏడు కూడా తప్పలేదు. ఈ ఏడు నేనక్కడ లేను. వీడియోలోనైనా చూపిస్తావనే ఆశతో నీ దగ్గర వదిలి వచ్చాను. అది కూడా నీ దేవుడికి ఇష్టం లేనట్టుంది.

ఇంక రాస్తే ఏదో ఒకటి అనేస్తాను.

పూర్ణ


మయూర్ విహార్
26 జూలై 2025

పూర్ణకు ఆశీస్సులు.

నీ ఉత్తరం తొమ్మిది పేజీలు. రెండుసార్లు చదివాను. మొక్క గురించి ఒకటిన్నర పేజీ ఉంది. ముందు దానికి జవాబు.

గుడ్డు పెంకులు ఈ ఇంట్లోకి రావు. అరటితొక్క నీళ్ళు పోశాను. చిన్న ఈగలు వచ్చాయి. మళ్ళీ పొయ్యను.

రెండు రోజులకోసారి నీళ్ళు అన్నావు. మట్టి ఆరితే గదా పోసేది. నేను వారానికోసారి పోస్తున్నా ఎప్పుడు వేలు పెట్టి చూసినా తడిగానే ఉంది. అడుగున రెండు ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. పై అంతస్తు వాళ్ళ ఏసీ నీళ్ళు పడుతున్నాయని అనుమానించి కుండీని రెండో మూలకు జరిపాను. గీత ఇప్పుడు ఉత్తరానికి ఉంది. తరువాత చూస్తాను.

గుడిలో పంతులుగారిని ఈ పువ్వు పూజకు పెట్టవచ్చా అని అడిగాను. అసలు బ్రహ్మకమలం హిమాలయాల్లో పూస్తుందట. మనది జెముడు జాతి అట. ముళ్ళు లేకపోయినా వాటి చుట్టమేనట. పదకొండేళ్ళుగా నువ్వు మొదటి పువ్వు స్వామికి పెడుతున్నావు. స్వామి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనకుండా ఇంటికి వచ్చాను.

స్టేషన్ సంగతి. బండి కదులుతోంది. నువ్వు ప్లాట్‌ఫారం మీద ఉన్నావు. ఇంకేమనాలి?

జానకి


కాకినాడ
4 ఆగస్టు 2025

అక్కా,

జరిపావా? గీత ఉత్తరానికి పెట్టి "తరువాత చూస్తాను" అని రాశావా? ఆ ముక్క చదివి నేను లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చి మళ్ళీ చదివాను. అదే ఉంది.

జరపకు, తిప్పకు అని ఒకే వాక్యంలో రెండుసార్లు రాశాను. నీకు లలితా సహస్రంలో ఒక్క అక్షరం పొల్లుపోతే నిద్ర పట్టదు. చెల్లెలు రాసిన రెండు మాటలు పట్టవు.

మీ మరిదిగారు ఇక్కడ నన్ను చంపుతున్నారు. మొన్న కూరగాయల అబ్బిని నిలబెట్టి బెండకాయల ధరలు ఎందుకు మారుతున్నాయో పాయింట్లవారీగా చెప్పమన్నారు. వాడు బండి తోసుకుని పారిపోయాడు, ఇప్పుడు మా వీధిలోకి రావటం లేదు. కూరలకి నేను మార్కెట్టు దాకా వెళుతున్నాను. పోనీ ఇరుగుపొరుగుతో మాట్లాడదామంటే అందరూ మంచివాళ్ళే, కానీ నా నోట్లోంచి "అచ్ఛా", "ఠీక్ హై" రాగానే చూపు మారిపోతుంది. అక్కడున్నన్నాళ్ళూ మద్రాసీ దీదీని. ఇక్కడ ఢిల్లీ ఆవిణ్ణి.

ఈ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. నీకు వాయనం ఇవ్వకుండా నేను ఈ వ్రతం చేసుకోవడం ఇదే మొదలు. శనగలు ఏరుతూ ఆలోచించాను. ఆలోచిస్తే ఒకటే తోచింది, రాసేస్తున్నాను. నీకు నాతో మాట్లాడటం ఇష్టం లేదు. నేను ఢిల్లీ వదిలి వచ్చేశానని నీకు కోపం. కోపం వచ్చిందని చెప్పడం నీకు చేతకాదు కాబట్టి దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నావు. నాలుగు నెలలు అలవాటు తప్పిస్తే ఐదో నెల నుంచి నేనే ఫోను చెయ్యనని నీ ఎత్తు.

తప్పయితే తప్పని రాయి. ఒక్క ముక్క చాలు. నీకు అంతకంటే రావు కూడా.

పూర్ణ


మయూర్ విహార్
14 ఆగస్టు 2025

పూర్ణకు,

వరలక్ష్మి నాడు నీ వాయనం శనగలు నేనే నానబెట్టుకుని, నువ్వు ఇచ్చినట్టు అనుకుని తీసుకున్నాను.

మట్టి ఎందుకు ఆరడం లేదో తెలిసింది. మంగళవారం పారాయణం త్వరగా అయింది. నాలుగింటికే ఇంటికి వచ్చాను. బాల్కనీలో మిసెస్ ఛడ్డా చెయ్యి కనిపించింది. ఆమె బాల్కనీ ఊచల్లోంచి, చీపురుకర్రకు కట్టిన మగ్గుతో మన కుండీలో నీళ్ళు పోస్తోంది. నేను జరిపిన మూల ఆమెకు ఇంకా దగ్గరట.

"యే క్యా హై?" అన్నాను.

"పూర్ణా నే బోలా థా, దీదీ. రోజ్ ఏక్ మగ్. ఆప్‌కో బతానా నహీ థా" అంది. రోజూ ఒక మగ్గు పొయ్యమన్నావట. నాకు చెప్పకూడదన్నది కూడా చెప్పేసింది. ఆమెను అనడానికి ఏమీ లేదు. నలభై రోజులు ఒక్క రోజు తప్పకుండా పోసింది. ఆ నిష్ఠ నాకు లేదు.

మొక్కను పెరికి చూశాను. వేళ్ళు సగం కుళ్ళాయి. కుళ్ళినంతా కోసేశాను. ఇసుక, కొబ్బరిపీచు, ఇటుకముక్కలు కలిపి మళ్ళీ అదే కుండీలో పెట్టాను. పదిహేడు కొమ్మల్లో మూడు మిగిలాయి. గీత తూర్పుకే ఉంది.

ఇకమీదట దీనికి ఒక్కరే నీళ్ళు పోస్తారు. అది నేను. ఆ చీపురుకర్ర నా దగ్గరే ఉంచుకున్నాను.

నీ ఉత్తరం చివరి పేజీకి జవాబు ఉంది. వ్రతం ఎందుకు పట్టారో వ్రతం అయ్యేదాకా పైకి చెప్పకూడదు. అప్పటిదాకా నీకు తోచింది అనుకో.

జానకి


కాకినాడ
23 ఆగస్టు 2025

అక్కా,

మూడు కొమ్మలా.

ఛడ్డా దీదీకి నేనే చెప్పాను. ఒప్పుకుంటున్నాను. ఎందుకు చెప్పానంటే నీ చెయ్యి పొదుపు. మాటల్లోనూ అంతే, నీళ్ళలోనూ అంతే. ఎండిపోతుందేమోనని భయపడ్డాను. రెండు రోజులకోసారి పొయ్యమన్నాను గానీ రోజూ అనలేదు. ఆవిడ నా హిందీని ఎలా అర్థం చేసుకుందో. ఇరవై ఆరేళ్ళు మాట్లాడిన హిందీ అది.

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నువ్వు తిట్టవు. "ఆ నిష్ఠ నాకు లేదు" అని రాస్తావు. దాన్ని పట్టుకుని నేను వారం రోజులు నలుగుతాను. మా వారు చదివి, "మీ అక్కయ్యగారు నోటు బాగా పెట్టారు" అన్నారు. ఆ ఉత్తరాన్ని ఫైల్లో పెడదామన్నారు. ఇంట్లో ఫైలు పెట్టారు తెలుసా, నీ ఉత్తరాలకి. పేజీ నంబర్లు వేస్తున్నారు.

చివరి పేజీ గురించి నువ్వు తప్పని రాయలేదు. "తోచింది అనుకో" అన్నావు. అనుకుంటున్నాను.

వినాయక చవితి వస్తోంది. నీకు పత్రి ఎవరు తెచ్చిపెడతారు? ఏటా మా క్వార్టర్ల వెనక నేను కోసుకొచ్చేదాన్ని. పోనీలే, ఆ మాట అడిగే హక్కు నాకెక్కడిది, వెళ్ళిపోయినదాన్ని.

పూర్ణ


మయూర్ విహార్
12 సెప్టెంబరు 2025

పూర్ణకు ఆశీస్సులు.

పత్రి సొసైటీ తోటమాలి తెచ్చాడు. ఇరవై ఒకటికి ఎనిమిదే దొరికాయి. మిగిలినవాటికి అక్షతలు వేశాను.

మొగ్గ వచ్చింది. రెండు వచ్చాయి. మధ్య కొమ్మ అంచున, నొక్కుల్లో, బియ్యపుగింజంత. నిన్న ఒకటి రాలింది. ఎవరూ తిప్పలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. దానంతట అదే రాలింది. నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నాను.

మిగిలినది నిలిస్తే దసరా వెళ్ళిన రెండు మూడు రోజులకు పూస్తుందని తోటమాలి లెక్క. మిసెస్ ఛడ్డా వీడియో తీసి నీకు చూపిస్తానంది. నేను పక్కన నిలబడను. నిలబడితే నువ్వు నన్ను పలకరిస్తావు.

సీతారామయ్య గారి మోకాలు ఎలా ఉంది? ఆపరేషను దసరా తరువాతే అన్నావని ఛడ్డా చెప్పింది. నాకు రాయలేదు.

జానకి


కాకినాడ
20 సెప్టెంబరు 2025

అక్కా,

ఒక్క మొగ్గ. రోజూ పొద్దున్నే లేచి దానికి దణ్ణం పెట్టుకుంటున్నాను, ఇక్కణ్ణించి, ఈశాన్యం... కాదు, ఢిల్లీ ఎటువైపో మా వారిని అడిగాను, ఆయన అట్లాసు తీశారు. వాయవ్యమట.

ఛడ్డా దీదీ రోజూ ఫోటో పంపుతోంది. మొన్నటి ఫోటోలో ఆవిడ మనవడు, నిన్నటి ఫోటోలో ఆవిడ వేలు. మొగ్గ ఇంకా నేను చూడలేదు. అయినా ఆవిణ్ణి ఏమీ అనను. ఆవిడ కూడా లేకపోతే నాకక్కడ ఎవరున్నారు?

ఒకటి చెప్పాలి. ఆ రాత్రికి నువ్వు నీ వ్రతం వదిలి నాకు ఫోను చెయ్యాలని నేను అడగటం లేదు. ఛడ్డా దీదీ ఉంది, చాలు. నావల్ల నీ నియమం చెడిందంటే నేను తట్టుకోలేను. నీకు నామీద కోపమే ఉండనీ, దేవుడి దగ్గర మాట మాత్రం నావల్ల తప్పకు. ఇది నిజంగా రాస్తున్నాను, ఎత్తిపొడుపు కాదు. నా ఉత్తరాల్లో ఏది ఎత్తిపొడుపో ఏది కాదో నీకు తెలియడం లేదేమోనని రాస్తున్నాను.

ఆయన మోకాలు ఆపరేషను అక్టోబరు ఏడున. అందుకే నేను రాలేకపోతున్నాను. నీకెందుకు రాయలేదంటే, రాస్తే నువ్వు పూజలు పెంచుతావు, ఉపవాసాలు పెంచుతావు. ఇప్పటికే చిక్కిపోయి ఉంటావు. చూసి ఎన్నాళ్ళయిందో.

పూర్ణ


మయూర్ విహార్
5 అక్టోబరు 2025

పూర్ణకు,

పువ్వు పూసింది. మొన్న శుక్రవారం, ఏకాదశి రాత్రి. నువ్వు చూడలేదు.

వరుసగా రాస్తాను. మళ్ళీ అడగవద్దు.

ఆదివారం పూస్తుందని అందరం అనుకున్నాం. మిసెస్ ఛడ్డా దసరాకు గురుగ్రామ్‌లో కొడుకు దగ్గరకు వెళ్ళింది. శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి బాల్కనీలోకి వెళ్ళాను. మొగ్గ మెడ ఎత్తింది. కొస తెల్లబడి వదులుగా ఉంది. నువ్వు చూపించిన గుర్తే. ఆ రాత్రే పూస్తుందని తెలిసింది.

నీకు వీడియో చూపించేవాళ్ళ కోసం మా మెట్ల మీద ఆరు తలుపులు కొట్టాను. నాలుగు ఇళ్ళకు తాళాలు. ఒక ఇంట్లో పసిపిల్లకు జ్వరం. ఇంకో ఇంట్లో పెద్దాయన ఒక్కడే ఉన్నాడు, ఆయనకు వినపడదు. కిందికి వెళ్ళి వాచ్‌మన్‌ను అడిగాను. "దీదీ, మేరా తో బటన్‌వాలా హై" అని వీడియో రాని తన మీటల ఫోను తీసి చూపించాడు.

పైకి వచ్చి దేవుడి ముందు కూర్చున్నాను. తొమ్మిదింటికి వాసన హాల్లోకి వచ్చింది. లేచి బీరువా తీశాను.

ఫోనులో ప్రాణం లేదు. అరగంట చార్జింగ్ పెట్టాను. మూడు నెలలు కావస్తోంది, రీఛార్జ్ అయిపోయి ఉంటుందనుకున్నాను. అవలేదు. పది గంటల ఐదు నిమిషాలకు నీకు చేశాను. నువ్వు ఎత్తలేదు. వంటింట్లో ఉన్నావనుకున్నాను. మళ్ళీ చేశాను. సీతారామయ్య గారికి మందులిస్తున్నావనుకున్నాను. మూడోసారి, నాలుగోసారి అనుకోవడానికి ఏమీ దొరకలేదు. ఆరోసారికి కోపం వచ్చింది. ఏకాదశి నాడు, ఉపవాసంతో, కోపం వచ్చింది. పదకొండుసార్లు చేశాను. పదకొండోసారి మోగడం ఆగాక బాల్కనీ గచ్చు మీద కూర్చున్నాను.

నేను ఎత్తలేదని నువ్వూ ఎత్తలేదు. అలాగే అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఫోటో తీయబోతే కెమెరా నావైపు తిరిగి ఉంది. తిప్పడం చీకట్లో దొరకలేదు. ఏదో నొక్కాను, ఏదో అయింది. ఫోనును మళ్ళీ గుడ్డలో చుట్టాను. పువ్వు పన్నెండుకు పూర్తిగా విచ్చింది. రెండింటిదాకా ఒక్కదాన్నే కూర్చున్నాను. నాతో ఎవరూ మాట్లాడలేదు. పొద్దుటికి వేలాడిపోయింది. స్వామి పాదాల దగ్గర పెట్టాను.

వ్రతం ఎలాగూ చెడింది. కాబట్టి నీ చివరి పేజీకి జవాబు ఇప్పుడే చెప్పవచ్చు.

ఈసారి ఏది మానాలి అని జూన్ నెలలో పంతులుగారిని అడిగాను. "ఇష్టమైనది మానండమ్మా. లేకపోయినా జరిగేది మానితే అది వ్రతం కాదు, పొదుపు" అన్నారు. కూరలు మానడం నాకు కష్టం కాదు. పెరుగు లేకపోతే తలుచుకోను కూడా. చాలా రోజులు ఆలోచించాను, ఏదీ దొరకలేదు. నువ్వు రైలెక్కిన రాత్రి ఎనిమిదిన్నరకు అలవాటుగా ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు దారిలో ఉన్నావు, సిగ్నలు లేదు. తొమ్మిదిన్నర దాకా కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. ఈ ఇంట్లో నాకు అంతకంటే ఇష్టమైనది ఇంకొకటి లేదు. అందుకని అది మానాను.

నువ్వు దాన్ని నిన్ను మానడం అనుకున్నావు. మూడు నెలలు ప్రతి ఉత్తరంలో అదే రాశావు.

ఆపరేషను సవ్యంగా జరగాలని రోజూ సుందరకాండ చదువుతున్నాను.

జానకి


కాకినాడ
13 అక్టోబరు 2025

అక్కా,

ఆయన ఆపరేషను బాగా జరిగింది. నిన్న వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేశారు. ఆసుపత్రి బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నేను నిద్రపోలేదు. ఫోను నా ఒళ్ళోనే ఉంది. "అక్క" అని నీ పేరు కనపడగానే రెండు అనుకున్నాను. ఒకటి, గుడ్డలో ఏదో తగిలి పొరపాటున మోగింది. రెండు, పువ్వు పూసింది, నాకోసం వ్రతం వదిలేస్తోంది. ఏదైనా సరే నేను ఎత్తితే చెడుతుంది. ఎత్తకపోతే మాట్లాడినట్టు కాదు గదా, నీ నియమం నీకే ఉంటుంది. అలా లెక్కేసుకున్నాను. ఏకాదశి అని కూడా గుర్తొచ్చింది. మా వారు, "ఎత్తవే, ఏదో అర్జెంటయి ఉంటుంది" అని కేకలేశారు. ఆయన చెయ్యి వేస్తే కూడా పక్కకి లాక్కున్నాను. ప్రతిసారీ అది మోగినంతసేపూ రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. పదకొండుసార్లు. నేనూ లెక్కపెట్టాను.

నువ్వు మానింది ఎందుకో అప్పుడు నాకు తెలియదు. తెలిస్తే ఎత్తేదాన్నో, ఇంకా గట్టిగా పట్టుకునేదాన్నో చెప్పలేను.

రీఛార్జ్ నేను వేయించాను, సెప్టెంబరు ఆఖర్లో. నువ్వు ముట్టుకోని ఫోనుకి ఎందుకంటే నాకే తెలియదు. నీ నంబరు చచ్చిపోకూడదనిపించింది.

నువ్వేదో నొక్కావన్నావు చూడు. ఫోటో నాకు వచ్చింది. పదకొండూ యాభైకి. పువ్వు నీ చెవి పక్కన ఒక మూల తెల్లగా కొంచెం కనపడుతోంది. మిగతా అంతా నువ్వే. కోపంగా ఉన్నావు. చిక్కిపోయావు. కళ్ళజోడు కాడకి దారం కట్టుకున్నావు, కొత్తది కొనుక్కోలేదు.

పువ్వు కోసం కాదక్కా నేను ఏడ్చింది.

ఒక్క సంగతి పంతులుగారిని అడుగు. అవతలివాళ్ళు ఎత్తకపోతే వ్రతం చెడినట్టా, కాదా?

పూర్ణ


మయూర్ విహార్
2 నవంబరు 2025

పూర్ణకు ఆశీస్సులు. ఆయన నడుస్తున్నారని చదివి కొబ్బరికాయ కొట్టాను.

నువ్వు అడగమన్నది అడిగాను. పంతులుగారు, "ఎత్తకపోయినా మోగింది గదమ్మా, మోగించింది మీరే గదా" అన్నారు. పదకొండుసార్లని చెప్పి ఉండాల్సింది కాదు. అడిగారు, చెప్పాను. రింగుకు ఒక రోజు చొప్పున పదకొండు రోజులు అదనంగా పాటించమన్నారు. ఫోటో మాట నేను ఎత్తలేదు. అది నేను తెలిసి పంపింది కాదు.

కాబట్టి నిన్న ఏకాదశితో అందరి వ్రతమూ అయిపోయింది. నా ఫోను మాత్రం పన్నెండో తారీఖు దాకా గుడ్డలోనే ఉంటుంది. ఇదంతా నువ్వు మొదటి రింగుకే ఎత్తి ఉంటే ఒక్క రోజుతో పోయేది.

ఊరు దాటకూడదన్న నియమం నిన్నటితో తీరింది. ఫోనులో మాట్లాడకూడదన్నారు గానీ ఎదురుగా కూర్చుని మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. ఆరో తారీఖు రైలుకు టికెట్టు తీసుకున్నాను. సామర్లకోటలో దిగుతాను. బండి ఎక్కడిదాకా వచ్చిందని ఫోను చెయ్యకు. ఎత్తను.

కళ్ళజోడు కొన్నాను. దాని గురించి అక్కడ మళ్ళీ మొదలుపెట్టకు.

బ్రహ్మకమలం తెస్తున్నాను. మూడు కొమ్మలే కాబట్టి లారీ అక్కరలేదు. ఒక ఆకు కోసి, మూడు రోజులు ఆరబెట్టి, ఇక్కడ చిన్న కుండీలో నాటుకున్నాను. పూయడానికి మూడేళ్ళు పడుతుందని తోటమాలి అన్నాడు. మిసెస్ ఛడ్డాకు మగ్గు విప్పి చీపురుకర్ర తిరిగి ఇచ్చేశాను.

కిందిబెర్తు దొరికింది. గీత ఎప్పుడూ తూర్పుకే ఉండాలన్నావు. రైలు ఎన్ని మలుపులు తిరుగుతుందో నాకు తెలియదు. కుండీ ఒళ్ళో పెట్టుకుని, మలుపు మలుపుకీ తిప్పుకుంటూ వస్తాను.

జానకి